సాల్వెన్సీ అంటే ఏమిటి? మంచి సిబిల్ స్కోరు ఉంటే సాల్వెన్సీ సర్టిఫికెట్ అక్కరలేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ మేనమామగారు ఒక ప్రభుత్వ శాఖలో సివిల్ పనుల టెండరు వేయబోతున్నారు, ఆ పత్రాలతో సాల్వెన్సీ సర్టిఫికెట్ జతచేయాలని అందులో ఉంది. నిఘంటువు తెరిస్తే ‘సాల్వెంట్’ అనే మాటకు ఒకచోట ‘ద్రావణి’ అనీ, మరోచోట ‘అప్పు తీర్చగలవాడు’ అనీ కనిపించింది. ఆయన సిబిల్ స్కోరు బాగానే ఉంది కదా, మళ్లీ ఈ పత్రం దేనికి అన్నది మీ సందేహం. బీమా కంపెనీలు చెప్పుకునే ‘సాల్వెన్సీ రేషియో’ కూడా ఇదేనా అని, దీన్ని తెలుగులో ఏమని రాయాలని కూడా అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. ఒక మనిషికి గానీ సంస్థకు గానీ ఉన్న బాకీలన్నీ తీర్చడానికి చాలినంత ఆస్తి ఉండటమే సాల్వెన్సీ. అటువంటి స్థితిలో ఉన్నవారు సాల్వెంట్, లేనివారు ఇన్సాల్వెంట్. సిబిల్ స్కోరు చెప్పేది ఇది కాదు. తీసుకున్న అప్పులను మీ మేనమామగారు ఇంతవరకు ఏ తీరుగా కట్టారో అది చెబుతుంది, ఆయనకు ఎంత ఆస్తి ఉందో చెప్పదు. అందువల్ల స్కోరు ఎంత బాగున్నా సాల్వెన్సీ సర్టిఫికెట్ విడిగా తీసుకోవలసిందే. బీమా కంపెనీల రేషియో వెనక ఉన్నది ఇదే భావమే అయినా, లెక్క కట్టే పద్ధతి పూర్తిగా వేరు.

ప్రభుత్వ రంగ బ్యాంకులో చాలాకాలం రుణాల విభాగంలో పనిచేసి విరమించినవాణ్ణి కనుక, ఈ మాటను ఎక్కడెక్కడ ఏ అర్థంలో వాడతారో, ఎక్కడ పొరపాటు పడతారో వివరంగా రాస్తున్నాను.

నిఘంటువులోని రెండు అర్థాలూ ఒక్క మూలం నుంచే వచ్చాయి. లాటిన్‌లో ‘సాల్వెరె’ అంటే విప్పడం, వదులు చేయడం. ఉప్పును కరిగించే ద్రవానికీ, అప్పు కట్టును విప్పుకోగల మనిషికీ ఆ విధంగా ఒకే పేరు వచ్చింది. మన ‘ఋణవిమోచనం’లో కూడా ఉన్నది ఆ విప్పడమే.

ఇక అసలు విషయం. సాల్వెన్సీని రెండు రకాలుగా పరీక్షిస్తారు. మొదటిది ఆస్తి అప్పుల పట్టీ పరీక్ష, అంటే ఉన్న ఆస్తి మొత్తం విలువ ఉన్న బాకీల మొత్తాన్ని మించుతోందా అని చూడటం. రెండవది చెల్లింపుల పరీక్ష, అంటే ఏ బాకీ గడువుకు ఆ బాకీ చెల్లించగలుగుతున్నారా అని చూడటం. మన సరుకుల విక్రయ చట్టం, అంటే 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్, రెండవ దానినే పట్టుకుంది. వ్యాపారపు మామూలు నడకలో బాకీలు చెల్లించడం మానివేసినవాడు, లేదా గడువు వచ్చిన బాకీని చెల్లించలేకపోయినవాడు ఇన్సాల్వెంట్ అని అందులోని రెండవ సెక్షన్ చెబుతుంది. సాల్వెన్సీ సర్టిఫికెట్ మాత్రం ప్రధానంగా మొదటి పరీక్ష మీద ఆధారపడుతుంది. ఒకే మనిషి ఒక పరీక్షలో నెగ్గి రెండవ పరీక్షలో ఓడిపోవడం అరుదేమీ కాదు.

గోదావరి జిల్లాల్లో నేను పనిచేసిన ఒక శాఖలో ఒక రైసు మిల్లు యజమాని ఖాతా ఉండేది. మిల్లు, గోదాములు, మాగాణి, పట్టణంలో రెండు ఇళ్లు కలిపి చూస్తే ఆయన ఆస్తి బాకీలకు ఎన్నో రెట్లు. అయినా సీజను ముగిసే సమయానికి కూలీలకు, లారీలకు డబ్బు సర్దలేక మా శాఖకు వచ్చేవారు, ఎందుకంటే ప్రభుత్వం నుంచి రావలసిన మిల్లింగ్ బిల్లులు ఆలస్యమయ్యేవి, సరుకంతా బస్తాల్లో ఉండేది. ఆయన సాల్వెంటే. ఆయనకు కొరవడింది చేతిలో ఆడే నగదు, దానిని ‘లిక్విడిటీ’ అంటారు. ఇటువంటి వారికి గడువు పెంచినా, తాత్కాలికంగా పరిమితి పెంచినా బ్యాంకుకు ప్రమాదం తక్కువ.

దీనికి నేరుగా ఎదురుగా ఉండే రకం మరొకటి ఉంది, బ్యాంకువాడు భయపడవలసింది ఆ రకానికే. ఒక బట్టల వ్యాపారి నెల తిరిగేసరికి అందరి వడ్డీలూ ఠంచనుగా కట్టేవాడు. ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి సర్దడం, చీటీ పాడి చేబదులు తీర్చడం, మళ్లీ ఆ చీటీ వాయిదాకు కొత్త నోటు రాయడం, అంటే బజారులో ‘రొటేషన్’ అంటారే, అదే ఆయన వ్యాపారం. ఎవరి వాయిదా తప్పలేదు కనుక ఊరంతా ఆయనను మంచి పార్టీ అనుకుంది. దుకాణంలోని సరుకు, ఇల్లు, నగలు అన్నీ కలిపి అమ్మినా బాకీలలో సగం తీరదన్న సంగతి కొత్త అప్పు పుట్టని నెలలో బయటపడింది. నగదు ఆడుతున్నంత మాత్రాన సాల్వెంట్ అనుకోరాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సిబిల్ స్కోరు సంగతి. ‘క్రెడిట్ వర్దీ’ అనే మాటకు, ‘సాల్వెంట్’ అనే మాటకు మధ్య తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. మొదటిదానికి తెలుగులో ‘పరపతి’ అనే చక్కని మాట ఉంది. వ్యవసాయ పరపతి సంఘం అన్నప్పుడు వాడేది ఆ అర్థంలోనే, వాడుకలో మాత్రం ఆ మాట పలుకుబడి అనే అర్థం వైపు జరిగిపోయింది. 300 నుంచి 900 వరకు ఉండే సిబిల్ స్కోరు ఆ పరపతికి ఒక కొలమానం మాత్రమే. వాయిదాలు సమయానికి కట్టారా, కార్డు పరిమితిలో ఎంత వాడుతున్నారు, ఎన్ని చోట్ల అప్పుకు దరఖాస్తు పెట్టారు వంటివి చూసి దానిని లెక్క కడతారు. పొలం ఎంత, ఇల్లు ఎంత, జీతం ఎంత అన్నవి ఆ లెక్కలోకి రానే రావు. ఏ బ్యాంకులోనూ ఎన్నడూ అప్పు చేయని ఇరవై ఎకరాల రైతుకు అసలు స్కోరే ఉండకపోవచ్చు, కానీ ఆయన అక్షరాలా సాల్వెంట్. హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉంటూ మూడు కార్డుల బిల్లులు, కారు వాయిదా, పర్సనల్ లోను అన్నీ తేదీ తప్పకుండా కట్టే ఉద్యోగికి ఘనమైన స్కోరు రావచ్చు, అతని ఆస్తుల నుంచి అప్పులు తీసివేస్తే మిగిలేది శూన్యమో, అంతకంటే తక్కువో కావచ్చు.

కంపెనీలకు ఇచ్చే రేటింగు కూడా పరపతి మీద వెలిబుచ్చిన అభిప్రాయమే. 2018లో చెల్లింపులు తప్పడం మొదలయ్యే వరకు మౌలిక వసతుల ప్రాజెక్టులకు పెట్టుబడి సమకూర్చే ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ సంస్థకు అన్నింటికంటే పై మెట్టయిన ట్రిపుల్ ఏ రేటింగు ఉండేదన్నది గుర్తుంచుకోదగిన విషయం.

సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు, అందులో ఏముంటుంది? మన రాష్ట్రాల్లో ఇది రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి రెవెన్యూ శాఖ, అంటే తహసీల్దారు. పట్టాదారు పాసు పుస్తకం, దస్తావేజులు, ఇంటి పన్ను రసీదు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే మార్కెట్ విలువ ధ్రువపత్రం, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసి, స్థానికంగా విచారణ జరిపించి, ఫలానా వ్యక్తికి ఇంత విలువ గల స్థిరాస్తి ఉన్నదని ధ్రువీకరిస్తారు. రెండవది ఖాతా ఉన్న బ్యాంకు. బ్యాంకు తనతో ఉన్న లావాదేవీలను, ఖాతాదారు చూపిన ఆస్తిపత్రాలను, చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన నికర ఆస్తి పట్టికను చూసి, ఈ మనిషి ఇన్ని రూపాయల మేరకు తగినవాడు అని రాసి ఇస్తుంది, అందుకు రుసుము తీసుకుంటుంది. టెండరులో రెండింటిలో ఏది అడిగారో చూసుకోండి. ‘షెడ్యూల్డ్ బ్యాంకు ఇచ్చినది’ అని షరతు ఉన్నప్పుడు తహసీల్దారు పత్రం పెడితే సాంకేతిక కారణంతోనే టెండరును పక్కన పెడతారు.

బ్యాంకు ఇచ్చే పత్రం చివర ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. తమకు తెలిసినంత మేరకు ఈ ఖాతాదారు గౌరవనీయుడని, ఇంత పరిమితి వరకు ఏ ఒప్పందానికైనా తగినవాడుగా భావించవచ్చునని చెప్పి, అయితే ఇందుకు బ్యాంకు గానీ, దాని అధికారులు గానీ ఎటువంటి హామీ, బాధ్యత వహించరని దాని సారాంశం. చాలామంది కాంట్రాక్టర్లు ఆ వాక్యాన్ని చూసి, ‘ఇది తీసేసి ఇవ్వండి సార్’ అని మా దగ్గర పట్టుబట్టేవారు. తీయడం కుదరదు. అది తీస్తే అది సర్టిఫికెట్ కాదు, బ్యాంకు గ్యారంటీ అవుతుంది. గ్యారంటీ అంటే కాంట్రాక్టరు తప్పితే బ్యాంకు తన డబ్బు కట్టడం, అందుకు మార్జిన్ సొమ్ము, తనఖా, కమీషను అన్నీ కావాలి. ఈ రెండు పత్రాలనూ ఒకటిగా అనుకోవడం వల్ల టెండరు వేసేవారిలో ఎక్కువ గందరగోళం పుడుతుంది.

సర్టిఫికెట్‌లోని అంకెను యథాతథంగా నమ్మేముందు నేను చూసే సంగతులు కొన్ని ఉండేవి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, ప్రామిసరీ నోటు మీద చేసిన చేబదులు కనిపించదు, మన ఊళ్లలో బాకీలలో పెద్ద భాగం అక్కడే దాగి ఉంటుంది. ఇతరుల అప్పులకు ఆ మనిషి పెట్టిన జామీను సంతకాలు కూడా పైకి కనిపించవు, కానీ అవి ఏదో ఒక రోజు బాకీలుగా మారవచ్చు. ఉమ్మడి ఆస్తి అయితే ఆయన వాటా మాత్రమే లెక్కకు రావాలి. భార్య పేరిట ఉన్న ఇల్లు ఆమె సాల్వెన్సీకి పనికివస్తుందే తప్ప భర్తకు కాదు. వ్యవసాయ భూమి విషయం మరీ ముఖ్యం. దాని విలువ కోట్లలో ఉన్నా, తనఖా ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే అమ్ముకునే అధికారం బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసీ చట్టంలోని 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని మినహాయించింది కనుక బ్యాంకు ఆ చట్టం కింద నేరుగా స్వాధీనం చేసుకుని అమ్మలేదు, అందుకే కొన్ని శాఖలు పొలాన్ని లెక్కలోకి తీసుకోవడానికి వెనకాడతాయి. దీని మీద మీ మేనమామగారు శాఖాధికారితో వాదించి లాభం లేదు, పట్టణంలో స్థలమో ఇల్లో ఉంటే దాని పత్రాలు చూపడం మేలు.

ఇదే మాట కోర్టు జామీనుల్లోనూ వినిపిస్తుంది. బెయిలు ఉత్తర్వుల్లో ‘సాల్వెంట్ ష్యూరిటీ’ అన్నప్పుడు, నిందితుడు హాజరు కాకపోతే బాండులో రాసిన సొమ్ము కట్టగల స్తోమత ఉన్న జామీనుదారు కావాలని అర్థం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, జామీనుదారు తాను ఇంకా ఎంతమందికి జామీను ఉన్నాడో కూడా ప్రకటించాలి. పాత నేర విచారణ స్మృతిలోనూ 2005 సవరణ నుంచి ఈ నియమం ఉంది. ఒకే ఇంటి పన్ను రసీదు పట్టుకుని పది కేసులకు జామీను నిలబడేవారిని అరికట్టడమే దీని ఉద్దేశం, ఎందుకంటే ఒక కేసుకు చాలిన సాల్వెన్సీ పది కేసులకు చాలదు.

చిట్ ఫండ్ కంపెనీల పద్ధతి దీనికి భిన్నంగా ఉంటుంది, ఇక్కడ కొంచెం పక్కదారి పట్టినా చెప్పదగిన విషయమే. చీటీ పాడుకున్నవారిని వారు అడిగేది ఎక్కువగా ప్రభుత్వ ఉద్యోగి జామీను. ఆ ఉద్యోగికి సొంత ఇల్లు కూడా ఉండకపోవచ్చు, పది ఎకరాల ఆసామి కంటే అతడు సాల్వెంట్ కానే కాదు. అయినా అతణ్ణే ఎందుకు కోరతారంటే, డిక్రీ వచ్చాక సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు మినహాయించి, తక్కినది జప్తు చేయవచ్చు. భూమిని వేలం వేయించడం ఏళ్ల తరబడి సాగే పని. అంటే వారు చూసేది స్తోమతను కాదు, వసూలు కావడంలోని సులువును. ఆచరణలో అప్పిచ్చేవాళ్లకు ఈ రెండవదే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం.

బీమా కంపెనీల రేషియో గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రతి కంపెనీకీ, అది పాలసీదారులకు బాకీపడగల క్లెయిముల అంచనాను బట్టి, ఇంత అదనపు మూలధనం ఉండాలని లెక్క కడుతుంది. దానిని కావలసిన సాల్వెన్సీ మార్జిన్ అంటారు. వాస్తవంగా ఉన్న మార్జిన్‌ను దానితో భాగిస్తే వచ్చేదే రేషియో, అది 1.5కు, అంటే 150 శాతానికి తగ్గకూడదు. ఆ అంకె పెద్దదిగా ఉంటే కంపెనీ క్లెయిములు కట్టే స్థితిలో ఉందని అర్థమే గాని, అడగగానే కడుతుందని కాదు. పాలసీ కొనేవారు క్లెయిము పరిష్కారాల శాతాన్ని విడిగా చూసుకోవాలి.

ఇక ఈ మాటకు వ్యతిరేకం మన పల్లెల్లో అందరికీ తెలుసు. ‘ఐపీ పెట్టాడు’ అంటారే, అది ‘ఇన్సాల్వెన్సీ పిటిషన్’కు పొట్టి రూపం. అప్పులు తీర్చలేనని, తనను ఇన్సాల్వెంటుగా ప్రకటించమని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్ట్ కింద సివిల్ కోర్టులో వేసుకునే దరఖాస్తు అది. అప్పులు ఐదు వందల రూపాయలు ఉంటే చాలు, రుణగ్రస్తుడు పిటిషన్ వేయవచ్చునని ఆ చట్టంలో నేటికీ ఉంది. ఐపీ నోటీసు ఇంటికి రాగానే అప్పు ఇచ్చినవారు డబ్బు మీద ఆశ వదులుకోవడం నేను చాలాసార్లు చూశాను, అది తొందరపాటు. పిటిషన్ వేసినంత మాత్రాన ఎవరూ ఇన్సాల్వెంట్ కారు, కోర్టు విచారించి ప్రకటించాలి. ఆ ప్రకటన జరిగితే, పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు సరైన ప్రతిఫలం లేకుండా బంధువుల పేరిట రాసిన ఆస్తిని 53వ సెక్షన్ కింద రద్దు చేయించే అవకాశం ఉంది. నోటీసులో ఇచ్చిన తేదీకి వకీలు ద్వారా హాజరై అభ్యంతరం చెప్పడం అప్పు ఇచ్చినవారి పని.

2016లో ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్టసీ కోడ్ వచ్చింది కదా, ఈ పాత చట్టం ఇంకా ఎందుకని అడగవచ్చు. ఆ కోడ్‌లో వ్యక్తులకు సంబంధించిన భాగం ఇంతవరకు కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి విషయంలోనే, 2019 డిసెంబరు నుంచి, అమలులో ఉంది, మిగిలిన వ్యక్తులకు పాత చట్టమే దిక్కు. కంపెనీల మీద మాత్రం కోటి రూపాయలకు తగ్గని బాకీ తప్పితే ఎన్‌సీఎల్‌టీకి, అంటే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు, వెళ్లవచ్చు. అక్కడ చూసేది బాకీ తప్పిందా లేదా అన్నదే, ఆస్తులు అప్పులను మించాయా అన్నది కాదు. దేశంలో ఈ కోడ్ కింద తొలి పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందినది విశాఖపట్నానికి చెందిన సినర్జీస్ దూరే ఆటోమోటివ్ విషయంలో, 2017 ఆగస్టులో, హైదరాబాదు ధర్మాసనం దగ్గర. మన పత్రికలు ఇన్సాల్వెన్సీకీ, బ్యాంక్రప్టసీకీ రెండింటికీ ‘దివాలా’ అనే రాస్తున్నాయి. మొదటిది బాకీ తీర్చలేని స్థితి, రెండవది చట్టం ప్రకారం వెలువడే ప్రకటన. మొదటి దశలో ఉన్న కంపెనీ కోలుకుని బయటపడవచ్చు కనుక, దానిని అప్పుడే దివాలా తీసిందని రాయడం నాకు న్యాయంగా తోచదు.

పిల్లలను విదేశాలకు పంపేవారు కూడా ఈ సర్టిఫికెట్ కోసం బ్యాంకుల చుట్టూ తిరుగుతారు. వీసా అధికారులు ప్రధానంగా చూసేది వెంటనే వాడుకోగల డబ్బును. ఉదాహరణకు, బ్రిటన్ విద్యార్థి వీసాకు కావలసిన సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. దాని స్థానంలో ఎంత పెద్ద ఆస్తికి సాల్వెన్సీ పత్రం పెట్టినా చెల్లదు.

తెలుగులో ఏమని రాయాలన్నారు. కార్యాలయానికి ఇచ్చే దరఖాస్తులో ‘సాల్వెన్సీ సర్టిఫికెట్’ అనే తెలుగు లిపిలో రాయండి, ఆ మాట అందరికీ తెలిసినదే. వివరించవలసి వచ్చినప్పుడు ‘అప్పు తీర్చగల ఆస్తి స్తోమత’ అనడం సరిపోతుంది. ‘రుణ అర్హత’ అని మాత్రం వద్దు, అది కొత్త అప్పు పుట్టే యోగ్యతను చెబుతుంది, ఇక్కడ అడుగుతున్నది అది కాదు.

చివరగా మీ మేనమామగారి పని. టెండరు ఆయన సొంత పేరుతోనో, ఆయన ఒక్కరే యజమానిగా ఉన్న సంస్థ పేరుతోనో వేస్తే ఆయన ఆస్తులన్నీ లెక్కకు వస్తాయి. భాగస్వామ్య సంస్థ పేరుతో వేస్తే సర్టిఫికెట్ ఆ సంస్థ పేరిటే ఉండాలి, అప్పుడు బ్యాంకు భాగస్వాములందరి ఆస్తి పత్రాలూ అడుగుతుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఆయన సొంత ఇల్లు, పొలం ఆ కంపెనీ సాల్వెన్సీలోకి రావు. సర్టిఫికెట్ ఎన్ని నెలలలోపు జారీ అయినది కావాలో, మొత్తం ఎంతకు తగ్గకూడదో టెండరు షరతుల్లోనే రాసి ఉంటుంది. ఆ పేజీ నకలు తీసుకుని, చివరి తేదీకి కనీసం మూడు వారాల ముందు శాఖకు వెళ్లమనండి, ఎందుకంటే పెద్ద మొత్తాలకు శాఖాధికారి సంతకం చాలదు, పై కార్యాలయం అనుమతి రావాలి.